కట్టమంచి రామలింగారెడ్డి

చింతామణిలో బస్సెక్కి శ్రీనివాసపురం, ములబాగిలు, పలమనేరు మీదుగా తూర్పు దిక్కుగా పోతే చిత్తూరు వస్తుంది. ఆ ఊరిని ఆనుకొని కట్టమంచి అనే చిన్న గ్రామం ఉండేది. ఇప్పుడది చిత్తూరు నగరంలో కలిసిపోయింది. ఆ గ్రామంలో 1880 డిసెంబరు 10వ తేదీన ఒక రైతు కుటుంబంలో పుట్టిన బాలుడే, తరువాతి కాలంలో రెండు విశ్వవిద్యాలయాల చరిత్రలో చోటు సంపాదించుకున్న డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. తండ్రి పేరు సుబ్రహ్మణ్యరెడ్డి. అప్పటికి చిత్తూరు జిల్లా ఇంకా ఏర్పడలేదు. ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందినది. మన చింతామణి మైసూరు సంస్థానంలోని కోలారు జిల్లాలో ఉండేది. చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది 2007లో. మధ్యలో సరిహద్దు ఉన్నా అటూ ఇటూ వినిపించే మాట ఒక్కటే, తెలుగు. పండే పంటలూ, ఎండే చెరువులూ కూడా ఇంచుమించు ఒక్కటే.

రామలింగారెడ్డిగారిని సాహిత్య విమర్శకుడుగా, కవిగా చాలామంది ఎరుగుదురు. ఆయన విశ్వవిద్యాలయాధ్యక్షుడని కొందరు ఎరుగుదురు. ఆయన తెలుగులో అర్థశాస్త్ర గ్రంథం రాశారన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. ఈ పాఠంలో మనం ముఖ్యంగా తెలుసుకోబోయేది ఆ మూడవ సంగతినీ, దానికీ రెండవదానికీ ఉన్న సంబంధాన్నీ.

చిత్తూరులో పాఠశాల చదువు ముగించి ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ విద్యార్థిగా ఉండగానే, కళాశాలలోని తెలుగు సంఘం పెట్టిన పోటీకోసం 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రాసి బహుమతి పొందారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏండ్లు నిండలేదు. కథ అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువుది. పెద్ద వానకు చెరువు కట్ట తెగబోతుంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తేగాని కట్ట నిలవదని గ్రామదేవత పలుకుతుంది. ఊరి కోసం ఆ ఇల్లాలు తనంతట తానే నీటిలోకి నడిచిపోతుంది.

చెరువు కట్ట అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. నందికొండల చుట్టుపక్కల పుట్టే పాపఘ్ని, పినాకిని, పాలారు నదులు వానాకాలంలో తప్ప నిండుగా పారవు. చెరువు నిండిన ఏడు పండుగ, నిండని ఏడు వలస. కట్ట తెగితే ఊరికి ఏమవుతుందో ఈ ప్రాంతపు ముసలివారు కథగా కాదు, చూసినదిగా చెబుతారు. అలాంటి సీమలో పుట్టిన యువకుడు తన తొలి కావ్యానికి చెరువు కథను ఎన్నుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కాని కావ్యానికి చెల్లిన సమాధానం శాస్త్రానికి చెల్లదు. కావ్యంలో ఒక కోడలి ప్రాణం కట్టను నిలిపింది. అర్థశాస్త్రం చదివినవాడు వేరే ప్రశ్నలు వేయాలి. కట్ట బలహీనపడుతూ ఉంటే ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చూడలేదు? మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, పొలం ఉన్నవారా, సర్కారా, అందరూనా? చెరువు కింద వసూలైన పన్నులో ఎంత భాగం తిరిగి చెరువుకు వచ్చింది? ఈ ప్రశ్నలు అడగడానికి భాష కావాలి. అప్పటి రైతుకు ఆ భాష ఇంగ్లీషు పుస్తకాలలో బందీగా ఉండేది.

1902లో భారత ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో రామలింగారెడ్డిగారు ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. ఆయన ప్రధానంగా చదివినది చరిత్ర. అయితే ఆ కాలంలో కేంబ్రిడ్జి అర్థశాస్త్రానికి కేంద్రంగా మారుతున్నది. ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆచార్యుని పట్టుదలవల్ల 1903లో అక్కడ అర్థశాస్త్రం ప్రత్యేక పట్ట పరీక్షగా ఏర్పడింది. విద్యార్థులు వాదోపవాదాలు జరుపుకొనే 'కేంబ్రిడ్జి యూనియన్' అనే సభకు రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఒక భారతీయుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. తరువాతి కాలంలో ప్రపంచంలోని ప్రభుత్వాలన్నీ చెవియొగ్గి విన్న ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ ఆ రోజుల్లో అదే సభలో ఆయనకు తోటివాడు. గోపాలకృష్ణ గోఖలే భారతదేశపు కష్టాలను ఇంగ్లండు ప్రజలకు చెప్పడానికి వచ్చినప్పుడు ఈ యువకుడు కూడా వేదికలెక్కి మాట్లాడారు.

స్వదేశానికి తిరిగి వచ్చాక మొదట బరోడా కళాశాలలో, అరవిందులు విడిచిన ఉద్యోగంలో కొద్దికాలం పనిచేశారు. అక్కడినుండి మైసూరు మహారాజా కళాశాలకు ఆచార్యులుగా వచ్చారు. మనకు దగ్గరగా వచ్చిన భాగం ఇదే కనుక కొంచెం నిలిచి చూద్దాం.

అప్పుడు మైసూరు సంస్థానాన్ని నాల్వడి కృష్ణరాజ ఒడెయరువారు పాలిస్తున్నారు. 1912లో దివాను పదవికి వచ్చినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన మన చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టినవారు. సంస్థానానికి సొంత విశ్వవిద్యాలయం ఉండాలన్నది వారి ఆశయం. ఇతర దేశాల విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తున్నాయో చూసిరావడానికి వెళ్ళినవారిలో రామలింగారెడ్డిగారు ఒకరు. అమెరికా, కెనడా, జపాను, ఫిలిప్పీన్సు దేశాలు తిరిగి వచ్చారు. 1916 జూలై 27న మైసూరు విశ్వవిద్యాలయం వెలసింది. బ్రిటిషువారి ప్రత్యక్ష పాలనలో లేని సంస్థానంలో స్థాపించిన మొదటి విశ్వవిద్యాలయం అదే.

ఆ కళాశాలలో తెలుగు చదువుకునే పిల్లలకు ఆయన చేసిన మేలు వేరే చెప్పుకోవాలి. 1912లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారిని తెలుగు ఉపన్యాసకులుగా మహారాజా కళాశాలకు తెచ్చినవారు ఆయనే. అనంతపురం జిల్లాకు చెందిన శర్మగారు అప్పటికి ఇరవై ఏండ్లు దాటని యువకుడు. ఇంగ్లీషు పట్టాలు లేవు. అయినా ఆయనలోని విద్వత్తును గుర్తించి ఉద్యోగం ఇప్పించారు. శర్మగారు 1949 వరకు, అంటే ముప్పది ఏడేండ్లు, అక్కడే తెలుగు బోధించారు. కర్ణాటక నేలమీద తెలుగు చదువు నిలబడిందంటే అందులో ఈ నియామకానికి చాలా పాలు ఉన్నది.

మైసూరులో ఉన్న కాలంలోనే ఆయన 'భారత అర్థశాస్త్రము' రాశారు. తెలుగులో శాస్త్ర గ్రంథాలు వెలువరించాలని కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించారు. ఆ గ్రంథమాలలో వచ్చిన పుస్తకమిది. ఇది ఎంత కష్టమైన పనో ఒక ఉదాహరణతో చూద్దాం.

చింతామణి మార్కెట్టుకు టొమాటో వచ్చే రోజులు గుర్తుకు తెచ్చుకోండి. ఒక వారం బుట్టకు మంచి ధర పలుకుతుంది. ఆ ధర చూసి అందరూ అదే పైరు పెడతారు. మూడు నెలలు తిరిగేసరికి సరుకు గుట్టలుగా వచ్చిపడి, కోత కూలి కూడా గిట్టక రైతు కాయను రోడ్డు పక్కన పారబోస్తాడు. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు అమ్మేవారికీ ఇలాంటి అనుభవమే. దీన్ని రైతు 'నా తలరాత' అంటాడు. అర్థశాస్త్రం 'గిరాకీ, సరఫరా' అంటుంది. ఒకే సంగతికి ఈ రెండు పేర్ల మధ్య ఉన్న దూరమే చదువు. తలరాత అనుకున్నవాడు ఊరుకుంటాడు. కారణం తెలిసినవాడు, వచ్చే కారుకు ఎంతమంది ఈ పైరు పెడుతున్నారు, సరుకు నిలవ చేసుకొనే చోటు ఉందా, బండి బాడుగ ఎంత, దళారికి పోయేదెంత అని లెక్క వేస్తాడు. వేసినా ఒక్కోసారి నష్టపోతాడు. శాస్త్రం తెలిసినంతమాత్రాన వాన కురవదు. కాని ఎక్కడ నష్టపోయాడో అతనికి తెలుస్తుంది.

అప్పటివరకు మూల్యం, మూలధనం, కూలి, వడ్డీ, పన్ను వంటి విషయాలను శాస్త్రపద్ధతిలో చర్చించే తెలుగు వాక్యం అలవాటులో లేదు. మన ప్రబంధాలలో వనవర్ణనకు మాటలు కొల్లలు, కాని శిస్తు వల్ల సాగు ఎలా దెబ్బతింటుందో చెప్పడానికి వెదుక్కోవాలి. కొన్ని మాటలు సంస్కృతం నుండి తెచ్చుకోవాలి, కొన్ని కరణాల లెక్కల నుండి, కొన్ని సంతలో బేరమాడేవాళ్ళ నోటినుండి. ఆయన వాడిన భాష ఈనాటి పిల్లలకు కష్టంగా తోస్తుంది, అది గ్రాంథికం. అయితే కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవాడు, ఇంగ్లీషులో రాస్తే దేశమంతటా పేరు వచ్చేవాడు, తెలుగులో ఈ విషయం రాయడానికి కూర్చున్నాడన్నదే ముఖ్యం. వడ్డీ వ్యాపారి రాసిచ్చిన పత్రం మీద వేలిముద్ర వేసే రైతు కొడుకు, ఒక తరం తరువాతనైనా ఆ వడ్డీ లెక్క ఏమిటో తన భాషలో చదువుకోగలగాలి గదా! ('కవిత్వతత్త్వ విచారము' అనే ఆయన విమర్శ గ్రంథం పండితులలో పెద్ద దుమారం లేపింది. దాని సంగతి పై తరగతులలో చదువుకుంటారు.)

మహారాజా కళాశాలకు ప్రధానాచార్యులుగా పనిచేసిన తరువాత ఆయన సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. అంటే మైసూరు సంస్థానంలోని బడులన్నీ, కోలారు జిల్లా బడులతో సహా, ఆయన పర్యవేక్షణలోకి వచ్చాయి. ఆ కాలంలో అంటరానివారని దూరంగా ఉంచినవారిని 'పంచములు' అని పిలిచేవారు. వారి పిల్లలను తక్కిన పిల్లలతో కలిపి కూర్చోబెట్టడానికి చాలా ఊళ్ళలో ఒప్పుకొనేవారు కాదు. సర్కారు బడి తలుపులు అందరు పిల్లలకూ తెరవాలని రామలింగారెడ్డిగారు పట్టుపట్టారు. ఆ పద్ధతిని అమలులో పెట్టారు. కాగితం మీద ఉత్తరువు వేయడం ఒక రోజు పని. అది ఊరి బడి గుమ్మం దాకా రావడానికి ఎన్నేండ్లు పట్టిందో మీ తాతముత్తాతలను అడిగితే చెబుతారు. అయినా ఆ ఉత్తరువు లేకపోతే అడగడానికి ఆధారమే ఉండేది కాదు.

1921లో మైసూరు ఉద్యోగం వదలుకొని మద్రాసు రాజకీయాలలో ప్రవేశించారు. శాసనసభ్యులయ్యారు. జస్టిస్ పార్టీలో ఉండి, దానితో పొసగక బయటికి వచ్చారు. 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం తెచ్చారు. మనదేశపు శాసనసభలలో వచ్చిన మొట్టమొదటి అవిశ్వాస తీర్మానంగా దాన్ని చెబుతారు. 44 మంది అనుకూలించారు, 65 మంది వ్యతిరేకించారు. తీర్మానం వీగిపోయింది. రాజకీయాలలో ఆయన ఒకచోట కుదురుగా నిలవలేదన్న విమర్శ ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. పదునైన మాట నెగ్గించుకొనే నేర్పు ఆయనకు ఎంత ఉండేదో, పదిమందిని వెంట నడిపించుకొనే ఓర్పు అంత ఉన్నట్టు కనబడదు.

తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక 1926లో చట్టరూపం దాల్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో మొదలైంది. రామలింగారెడ్డిగారు దానికి మొదటి వైస్ ఛాన్సలర్.

ఇక్కడ వైస్ ఛాన్సలర్ అంటే ఎవరో తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయానికి పేరుకు పెద్ద ఛాన్సలర్. ఆ రోజుల్లో ఆ పదవి మద్రాసు గవర్నరుది. గవర్నరు ఇంగ్లీషు ప్రభుత్వపు ప్రతినిధి. రోజువారీ పనంతా చూసేవాడు, చదువుల స్వరూపాన్ని తీర్చేవాడు, అధ్యాపకులను వెదికి తెచ్చేవాడు, డబ్బుకోసం తిరిగేవాడు వైస్ ఛాన్సలర్. కొత్త విశ్వవిద్యాలయమైతే ఈ పని ఇల్లు కట్టడమంత కష్టం. పైగా ఏ ఊళ్ళో కట్టాలన్న తగవు. బెజవాడ అని కొందరు, రాజమహేంద్రవరం అని కొందరు, విశాఖపట్టణం అని కొందరు. రాయలసీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. సీమవారికి 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా అదే స్థితి. చివరకు 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సముద్రతీరాన వాల్తేరుకు చేరింది.

సరిగ్గా ఆ సంవత్సరమే గాంధీగారు ఉప్పు సత్యాగ్రహం ఆరంభించారు. ఉప్పు మీద పన్ను అంటే ఏమిటో అర్థశాస్త్రం తెలిసినవాడికి ఇతరులకంటె బాగా తెలుసు. కోటీశ్వరుడు తినే ఉప్పూ, కూలివాడు తినే ఉప్పూ ఇంచుమించు ఒకే కొలత. అందువల్ల ఆ పన్ను బీదవాడి సంపాదనలో ఎక్కువ భాగాన్ని కాజేస్తుంది. దేశమంతటా సత్యాగ్రహులపై లాఠీలు లేచాయి, జైళ్ళు నిండాయి. ప్రభుత్వం సాగించిన ఈ దమనకాండకు నిరసనగా రామలింగారెడ్డిగారు వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు.

ఈ రాజీనామా విలువ ఎంతో ఒక్క నిమిషం ఆలోచించండి. ఆయన సత్యాగ్రహి కాదు, కాంగ్రెసు జైలు యాత్రికుడు కాదు. విశ్వవిద్యాలయానికి అప్పటికి నాలుగేండ్లు. కట్టడాలు లేవు, కొత్త ఊరికి అప్పుడే మారింది. ఈ పసిబిడ్డను వదలి పోవడం న్యాయమా అని ఎవరైనా అడిగి ఉంటే ఆ ప్రశ్నలోనూ బలం ఉంది. పదవిలో ఉండి పనిచేస్తే పదిమంది విద్యార్థులకైనా మేలు కదా అని మనలో చాలామందిమి సమాధానపడతాం. కాని తమ తోటివారిని కొట్టిస్తున్న ప్రభుత్వపు గవర్నరు అధ్యక్షత కింద కూర్చొని, విద్యార్థులకు విద్యనూ వివేకాన్నీ ఉపదేశించడం ఆయనకు మింగుడుపడలేదు.

ఆయన తరువాత 1931లో ఆ పదవికి వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణగారు. వారు కూడా ఒకప్పుడు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులే. రాధాకృష్ణగారి కాలంలో జయపురం మహారాజు విక్రమదేవవర్మగారి విరాళాల అండతో విశ్వకళాపరిషత్తు నిలదొక్కుకున్నది. 1936లో వారు ఆక్స్‌ఫర్డుకు తరలిపోగా, రామలింగారెడ్డిగారు తిరిగి ఎన్నికయ్యారు. ఈసారి 1949 దాకా, పదమూడేండ్లు, విడవకుండా పనిచేశారు.

ఆ పదమూడేండ్లలో గట్టి పరీక్ష 1942లో వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను విమానాలు ఏప్రిల్ నెలలో విశాఖపట్టణంపై బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయ భవనాలు సైన్యం వశమయ్యాయి. పుస్తకాలూ, పరికరాలూ, విద్యార్థులూ గుంటూరుకు తరలిపోయారు. పరాయి ఊళ్ళో, దొరికిన కట్టడాలలో చదువు ఆగకుండా నడిపించారు. యుద్ధం ముగిసిన తరువాత తిరిగి వాల్తేరు చేరుకున్నారు.

అదే 1942లో ఆయనకు ఇంగ్లీషు ప్రభుత్వం 'సర్' బిరుదు ఇచ్చింది. ఆయన తీసుకున్నారు. ఆ ఏడే 'క్విట్ ఇండియా' ఉద్యమం సాగింది. పన్నెండేండ్ల కిందట ఆ ప్రభుత్వపు చర్యలకు నిరసనగా పదవి వదిలినవారు ఈనాడు దాని బిరుదును ఎందుకు స్వీకరించారు? ఆయనను అభిమానించేవారు కూడా ఈ ప్రశ్న దగ్గర కొంచెం తడబడతారు. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయాన్ని కాపాడుకోవాలంటే ప్రభుత్వంతో తగవు పెంచుకోరాదని తలచారేమో, లేక వయసుతో పాటు చూపు మారిందేమో. పెద్దల జీవితాలను చదివేటప్పుడు ఇటువంటి చోట్లను దాటవేయకూడదు. ఒకే మనిషి 1930లోనూ 1942లోనూ చేసిన పనులు రెంటినీ పక్కపక్కన పెట్టుకొనే చూడాలి.

పెండ్లి చేసుకోలేదు. మాటల చమత్కారానికి, వాగ్ధాటికి ఆయన పెట్టింది పేరు. ఏలూరులో 1945లో వెలసిన కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

1949లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తును విడిచాక ఆయన తిరిగి వచ్చినది మైసూరుకే. యౌవనంలో తాను రూపుదిద్దడానికి తోడ్పడిన విశ్వవిద్యాలయానికి ఈసారి ప్రొ-ఛాన్సలర్ అయ్యారు. రాళ్ళపల్లివారు తెలుగు శాఖ నుండి విశ్రాంతి తీసుకున్నదీ ఆ సంవత్సరమే. 1951 ఫిబ్రవరి 24న రామలింగారెడ్డిగారు కన్నుమూశారు. అప్పటికి ఆయన ఆ పదవిలోనే ఉన్నారు.

పదాలు – అర్థాలు

దమనకాండ : అణచివేత చర్యలు
గిరాకీ : కొనేవారి కోరిక
మూలధనం : వ్యాపారానికి, వ్యవసాయానికి పెట్టుబడిగా పెట్టే సొమ్ము
శిస్తు : భూమిపై ప్రభుత్వానికి కట్టే పన్ను
వీగిపోవు : ఓడిపోవు
వాగ్ధాటి : తడబాటు లేకుండా మాట్లాడే శక్తి

ప్రశ్నలు

1. ఉప్పు మీద పన్ను బీదవారికి ఎక్కువ భారమని ఎందుకు చెప్పవచ్చు? మీ ఇంటి ఖర్చును ఉదాహరణగా తీసుకొని వివరించండి.
2. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి నియామకం మైసూరు ప్రాంతపు తెలుగు విద్యార్థులకు ఎలా ఉపయోగపడింది?
3. రామలింగారెడ్డిగారు 1930లో పదవి వదలడం సరియైనదేనా? మీ తరగతిలో రెండు పక్షాలుగా చేరి చర్చించండి.
4. మీ ఊరి చెరువు కట్టకు మరమ్మతు ఎవరు చేయిస్తున్నారు, ఖర్చు ఎక్కడినుండి వస్తున్నది? పంచాయతీ కార్యాలయంలో అడిగి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.